లేడీస్ వార్డు తాళంచెవి

రెండు లంగాలు, మూడు చీరలు, అంచు చిరిగిన దుప్పటి ఒకటి. రూతమ్మ వాటిని ఒక్కొక్కటే దులిపి, మోకాళ్ళ మీద పెట్టుకుని మడిచి, బియ్యం సంచి గుడ్డతో కుట్టిన చేతిసంచి అడుగున పేర్చింది. వాటి మీద సబ్బు డబ్బా పెట్టింది. పక్కనే కోర్టు కాగితాలున్న ప్లాస్టిక్ కవరును నలగకుండా నిలువుగా దోపింది. స్టీలు గ్లాసును మాత్రం చీర మడతల మధ్యకు నెట్టింది. ప్రయాణంలో గ్లాసు గలగలమంటే ఆమెకు ఎందుకో దిగులు పుడుతుంది.

సంచి రూతమ్మది కాదు, మహాదేవిది. ఏడు నెలలుగా హరిగల్లు సబ్ జైలు లేడీస్ వార్డులో ఉన్న ఒకే ఒక ఖైదీ మహాదేవి. ఆ వార్డుకు ఉన్న ఒకే ఒక కాపలా మనిషి రూతమ్మ.

"దువ్వెన పెట్టొద్దు పెద్దమ్మా," అంది మహాదేవి. ఆమె గోడకు ఆనుకుని, విరబోసుకున్న జుట్టుతో కూర్చుని ఉంది. "మాయమ్మ వస్తాది కదా ఈ పొద్దు. దువ్వించుకున్నాక పెడ్తా."

రూతమ్మ ఎర్ర దువ్వెనను సంచిలోంచి తీసి మళ్ళీ కిటికీ గూట్లో పెట్టింది. మహాదేవి వాళ్ళమ్మ సిద్దక్క ప్రతి మంగళవారం పదకొండున్నర బస్సుకు వస్తుంది. జీపు ఎన్నింటికి వస్తుందో ఎవరూ చెప్పలేదు.

ఆర్డరు ముందురోజు సాయంత్రం వచ్చింది. హెడ్ వార్డరు గాదిలింగప్ప వార్డు తలుపు బయట నిలబడి, కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చదివాడు.

"రూతమ్మక్కా, లేడీస్ వార్డు మూసేస్తాండారు. మేట్రన్‌కు ఇచ్చేదానికి ఫండు లేదంట. ఇంక ఆడోళ్ళు ఎవరొచ్చినా నేరుగా బళ్ళారికే. మహాదేవిని రేపే పంపల్లంట."

"రేపు మంగళవారం కదప్పా. వాళ్ళమ్మ వస్తాది."

"ఆర్డర్లో వాళ్ళమ్మ గురించి ఏం రాయలేదక్కా."

సిద్దక్కకు ఫోను లేదు. ఉన్నా ఆ ఊళ్ళో సిగ్నలు లేదు. కాబట్టి ఆమె రేపు మామూలుగానే వస్తుంది, వచ్చి ఖాళీ కిటికీ చూసుకుని పోతుంది. రూతమ్మకు రాత్రంతా ఇదే ఆలోచన. తెల్లారాక కూడా అదే.

ఆ జైలు తాలూకా కచేరి వెనకాల ఉంది. తెల్లదొరల కాలంనాటి రాతి కట్టడం. తొమ్మిది పోస్టుల్లో ముగ్గురే ఉన్నారు. జైలరు కుర్చీ రెండేళ్ళుగా ఖాళీ. ఇంకో ఊరి జైలు చూసుకునే ఆయనే శనివారం శనివారం వచ్చి సంతకాలు పెట్టి పోతాడు. వంటమనిషి పోస్టు తీసేశారు. ఇద్దరు ఖైదీలే వంట చేస్తారు. గోడల మీద నాలుగు కెమెరాలు ఉన్నాయి కానీ వాటిలో రెండింటికి కళ్ళు లేవు. నీళ్ళ మోటారు కాలిపోయి మూడు వారాలయింది. ఎస్టిమేటు పోయింది, మంజూరు రాలేదు. అప్పటి నుంచి రూతమ్మ రోజూ పొద్దున మగవాళ్ళ వైపు తొట్టి నుంచి ఎనిమిది బిందెలు మోసుకొస్తోంది. ఆ రోజూ మోసింది. ఐదో బిందె దగ్గర ఎడమ భుజం లాగింది. బిందెను కుడి చంకకు మార్చుకుంది.

రూతమ్మను మేట్రన్ అని పిలిచేవాళ్ళు కానీ అలాంటి పోస్టు ఆ జైల్లో ఎప్పుడూ లేదు. ఆడఖైదీ వస్తే రూతమ్మను పిలుస్తారు, ఆ ఖైదీ పోతే రూతమ్మనూ ఇంటికి పొమ్మంటారు. అంతే పద్ధతి. మొదట్లో సైకిల్ మీద మనిషి వచ్చేవాడు, తర్వాత ఫోను వచ్చేది. "ఒక ఆడమనిషి వచ్చింది, రా." రూతమ్మ రెండు చీరలు సంచిలో వేసుకుని, మిషను కాంపౌండు వెనక తన ఒంటి గదికి తాళం పెట్టి వచ్చేసేది. లేడీస్ వార్డు తలుపు మగవాడు తెరవకూడదు. తాళంచెవి ఆడమనిషి దగ్గరే ఉండాలి. అది రూలు. ఆమె బదులు ఉండడానికి ఇంకొక ఆడమనిషి లేదు కాబట్టి, ఖైదీ లోపల ఎన్ని రోజులుంటే రూతమ్మ కూడా అన్ని రోజులు లోపలే. రాత్రి లోపలి నుంచి తాళం వేసుకుని, తాళంచెవి రొంటిన దోపుకుని, ఖైదీ పక్కనే చాప పరచుకునేది. ఆదివారం పొద్దున గుడికి పోయే రెండు గంటలు మాత్రం గాదిలింగప్ప భార్య సౌభాగ్య వచ్చి కూర్చునేది, జీతం బత్తెం లేకుండా.

ఒకసారి జడ్జి గారు తనిఖీకి వచ్చి, "ఈ జైల్లో అందరికన్నా ఎక్కువ కాలం నుంచి ఉన్నది ఎవరు?" అని అడిగారు. గాదిలింగప్ప తడుముకోకుండా రూతమ్మను చూపించాడు. అందరూ నవ్వారు. రూతమ్మ కూడా నవ్వింది. ఆమె చేరి అప్పటికే ఇరవై ఏళ్ళు దాటింది. ఇప్పుడు ఇరవై ఏడు.

మనిషి పొట్టి, బక్కపలచన. చేతులు మాత్రం మగవాడి చేతుల్లా పెద్దవి, వేళ్ళ కణుపులు ఉబ్బి ఉంటాయి. ఎడమ కంటి కింద మసూచి మచ్చలు రెండు. ఖాకీ బట్టలు ఎవరూ ఇవ్వలేదు. తెల్ల చీర మీద నీలం అంచు ఉంటే చాలు, అదే ఆమె యూనిఫారం అని తనే అనుకుంది. వార్డు గోడకు ఒక మేకు, మేకుకు ఆమె సంచి. కూతురు లోయిస్ బళ్ళారిలో జీన్స్ ప్యాంట్లు కుట్టే చోట పనిచేస్తుంది. మిగిలిన గుడ్డముక్కలు అతికి కుట్టి ఇచ్చిన నీలం సంచి అది, రెండు జేబులతో సహా.

విడుదలయ్యే ఆడవాళ్ళకు రూతమ్మ ఒక మాట నేర్పేది. గేటు దగ్గర అలవాటు కొద్దీ అందరూ "పోయొస్తా పెద్దమ్మా" అనేవాళ్ళు. రూతమ్మ వెంటనే వాళ్ళ నోరు మూసేది. "వస్తా అనగాకు. ఈడికి మళ్ళీ రాకూడదు. పోతాండా అను, వెనక్కి చూడకుండా పో." వాళ్ళు పోయేవాళ్ళు. ఒకరిద్దరు తప్ప ఎవరూ వెనక్కి చూడలేదు.

పదిన్నరకు మహాదేవి అన్నం తినలేదు.

"రెండు ముద్దలు తిను. జీపులో కడుపు తిప్పుతాది."

"మాయమ్మ వచ్చినాక తింటా. రొట్టెలు తెస్తాది."

మహాదేవి సిరుగుప్ప అవతలి పల్లెపిల్ల. ముప్పై ఏళ్ళుంటాయి. కాలవ నీళ్ళ వంతు దగ్గర కొట్లాటలో మరిదికి పార దెబ్బ తగిలి రెండు రోజులకు చనిపోయాడు. పార ఎవరి చేతిలో ఉందో కోర్టు తేల్చాలి. మొగుడు ఊరు విడిచి పోయాడు, చేతికి దొరికింది ఈమె. రూతమ్మ ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఒక్క సంగతి మాత్రం గమనించింది, వారమంతా మహాదేవి తల దువ్వుకోదు. మంగళవారం దాకా చిక్కులు పడనిస్తుంది.

ఆ వార్డుకు ములాఖత్ గది లేదు. వార్డు కిటికీ దగ్గరే మాట్లాడాలి. కిటికీకి ఇనుప కమ్మీలు, కమ్మీల అవతల వల. ఆ వల కింది మూల తుప్పు పట్టి, మణికట్టు దూరేంత మేర చిరిగింది. కొత్త వల కోసం మూడుసార్లు రాశారు. మూడుసార్లూ నిధులు లేవని కాగితం వెనక్కి వచ్చింది. ఆ చిరుగులోంచి సిద్దక్క చెయ్యి లోపలికి పెట్టి కూతురి తల దువ్వేది. మహాదేవి బకెట్టు బోర్లించి దాని మీద కిటికీకి వీపు పెట్టి కూర్చునేది. సిద్దక్క బయట, మహాదేవి లోపల, మధ్యలో జుట్టు. గాదిలింగప్ప ఆ సమయానికి గేటు రిజిస్టరులో ఏదో రాసుకుంటూ ఉండేవాడు.

పదకొండుకు ఐదు నిమిషాలు ఉండగానే జీపు వచ్చింది.

హెడ్ కానిస్టేబుల్ ప్రకాశ్ బండి దిగుతూనే గడియారం చూసుకున్నాడు. "ఏమప్పా గాదిలింగప్పా, రెడీనా? జల్దీ కానీ. సాయంత్రం నేను బార్డరు చెక్‌పోస్టులో ఉండల్ల. ఎలక్షన్ డ్యూటీ."

"లేడీ కానిస్టేబుల్ యాడ?"

"ఉన్నోళ్ళంతా బందోబస్తుకు పోయినారు. మీ మేట్రన్‌నే తోడు పంపమని రాసిండారు చూడు."

వార్డు తలుపు వెనక నిలబడి రూతమ్మ అంతా వింది. వెనకాల మహాదేవి లేచి నిలబడిన చప్పుడు కూడా వింది. ఆ పిల్ల కిటికీ గూట్లోని దువ్వెన తీసి చేతిలో పట్టుకుంది.

రూతమ్మకు అప్పుడు సుందరం గుర్తొచ్చాడు. పదిహేనేళ్ళ కింద, సండూరు గనుల్లో ఖనిజం లారీలు చీమల బారులా నడిచే కాలంలో, ఆమె భర్త సుందరం ఒక లారీకి డ్రైవరు. ఒక తెల్లవారుజామున గేటు దగ్గరికి వచ్చి రూతమ్మను పిలవమన్నాడు. ఆమె లోపల ఒక ఖైదీతో ఉంది. అప్పటి వార్డరు, పొద్దుటి ఖైదీల లెక్క అయ్యేదాకా తలుపు తీయరు, కాసేపు ఉండమన్నాడు. లారీ ఉండలేదు. "ఓడరేవుకు లోడు పోతాండాది, పోయినానని చెప్పు" అని చెప్పి వెళ్ళిపోయాడు. పావుగంట తర్వాత రూతమ్మ గేటు దగ్గరికి వచ్చింది. పది రోజులకు ఆ లారీని వేరే డ్రైవరు తీసుకొచ్చాడు. సుందరం ఏమయ్యాడో ఓడరేవులో ఎవరికీ తెలియదు, ఇక్కడా ఎవరికీ తెలియదు. ఆ పావుగంట మాత్రం ఆమె దగ్గరే ఉండిపోయింది.

ఆమె తాళం తీసి బయటికి వచ్చి, మళ్ళీ తాళం వేసి, చెవి రొంటిన దోపుకుంది.

"ప్రకాశప్పా, డాక్టరు కాగితం తెచ్చినావా?"

"ఏం కాగితమమ్మా?"

"ఖైదీని మార్చేటప్పుడు డాక్టరు చూసి సంతకం పెట్టల్ల. ఒంటి మీద దెబ్బల్లేవు, జ్వరం లేదు అని. అది లేకుంటే బళ్ళారిలో గేటు కాడ్నే నిలబెడతారు."

ప్రకాశ్ గాదిలింగప్ప వైపు చూశాడు. గాదిలింగప్ప తిరగని ఫ్యాను వైపు చూశాడు.

"ఉండాదప్పా ఆ రూలు," అన్నాడు.

"ఇన్నేండ్లు లేని రూలు ఈ పొద్దే గుర్తొచ్చిందా తల్లీ నీకు?"

"నాకు ఎప్పుడూ గుర్తే. అడిగేవాళ్ళు లేక చెప్పలేదు."

ప్రకాశ్ టోపీ తీసి తొడకు కొట్టుకుని, జీపెక్కి ఆసుపత్రికి పోయాడు. దుమ్ము గేటులోంచి లోపలిదాకా వచ్చింది. గాదిలింగప్ప నవ్వాపుకుంటూ, "గంట దొరికింది అక్కా. ఎక్కువ దొరకదు," అన్నాడు.

పదకొండున్నర బస్సు వచ్చింది, పోయింది. గాదిలింగప్ప బస్టాండులో టీ అంగడికి ఫోన్ చేశాడు. మెడలో ఆధార్ కార్డు వేసుకున్న ముసలామె ఎవరన్నా దిగిందా? దిగలేదు. బస్సు టికెట్టు ఆడవాళ్ళకు ఉచితం అయినప్పటి నుంచి సిద్దక్క కార్డును ప్లాస్టిక్ కవరులో పెట్టి, నల్లదారం కట్టి మెడలో వేసుకునే బయలుదేరుతుంది. తీసి చూపించడం, మళ్ళీ దాచుకోవడం ఆమెకు చేతకాదు. చూపు ఆనదు.

పన్నెండున్నర బస్సులోనూ దిగలేదు.

"ఏమన్నా అయిందేమో పెద్దమ్మా," అంది మహాదేవి.

"ఏం కాలేదు. ఎండ కదా, నీడ పట్టున కూర్చోని ఉంటాది." రూతమ్మ అలా అంది కానీ ఆమె మనసులో సిద్దక్క అప్పటికే మూడు విధాలుగా చచ్చిపోయింది. కాలవలో పడి ఒకసారి, లారీ కింద ఒకసారి, ఎండకు ఒకసారి. చేతులకు పని కావాలి. ఆమె తన రెండో చీర ఉతికి, వార్డులోని దండెం మీద ఆరేసింది. పిండేటప్పుడు ఎడమ చెయ్యి మొద్దుబారినట్టయింది. వేళ్ళు విదిలించుకుంది.

ప్రకాశ్ ఒకటిన్నరకు తిరిగి వచ్చాడు. చెమటకు చొక్కా వీపుకు అతుక్కుంది.

"డాక్టరు ఆసుపత్రిలో లేడు. ఎలక్షన్ ట్రైనింగంట. ఆడికే పోయి, జనం మధ్యలో నిలబడి సంతకం పెట్టించుకొచ్చినా. తీసుకో నీ కాగితం."

కాగితం మీద అంతా బాగుందని రాసి ఉంది. డాక్టరు మాత్రం ఎవరినీ చూడలేదు. రూతమ్మ దాన్ని రెండుసార్లు చదివి, కోర్టు కాగితాల కవరులో పెట్టింది.

"ఎండలో తిరిగొచ్చినావు. ఇంత అన్నం తినిపో."

"నాకు తెల్సమ్మా నువ్వు చేస్తాండేది. ఎవరి కోసం?"

రూతమ్మ చెప్పింది. దాచడానికి ఏమీ లేదు. ప్రకాశ్ విని, అన్నం తిన్నాడు. చారు బాగుందని రెండోసారి పోయించుకున్నాడు. చెయ్యి కడుక్కుని, "రెండున్నర. ఆ మీద ఒక్క నిమిషం కూడా లేదు. ఆరు దాటితే ఆడ లాకప్ అయిపోతాది, లెక్క తేలేదాకా గేటు తీయరు. నా ఉద్యోగం తీస్తావా ఏంది?" అన్నాడు.

రెండున్నరకు రూతమ్మ వార్డు తలుపు తెరిచింది. మహాదేవి సంచి చేతికి తగిలించుకుంది. దువ్వెన ఇంకా చేతిలోనే ఉంది. జుట్టు ముడి వేసుకోలేదు. రెండడుగులు బయటికి వేసింది.

అప్పుడే గేటు అవతల సన్నటి గొంతు వినిపించింది. "అప్పా, లోపలికి రావచ్చునా?"

సిద్దక్క గేటు కమ్మీలు పట్టుకుని నిలబడి ఉంది. తల నిండా వడ్ల పొట్టు. ఒక చేతిలో రొట్టెల మూట.

"నాలుగు బస్సులు పోయినాయప్పా. ఆడోళ్ళం నిలబడి ఉంటే ఒక్కడూ ఆపలేదు. ఫ్రీ టికెట్టోళ్ళు అని నవ్వుకుంటా పోయినారు. కడాకు వడ్ల లారీ ఆయన మూటల మీద ఎక్కించుకొచ్చినాడు, ఆయన పిల్లోళ్ళు సల్లగుండ."

రూతమ్మ మహాదేవి భుజం పట్టుకుని వెనక్కి తిప్పి, వార్డులోకి తోసి, తనూ లోపలికి పోయి తలుపు మూసి, లోపలి నుంచి తాళం వేసింది.

"ఏందమ్మా ఇది!" అని అరిచాడు ప్రకాశ్.

"ములాఖత్ అంటే ఖైదీ లోపలుండల్ల. రూలు."

ప్రకాశ్ గేటు మెట్టు మీద కూలబడి బూటు లేసు విప్పుకున్నాడు. "పది నిమిషాలు," అన్నాడు.

మహాదేవి బకెట్టు బోర్లించుకుని కూర్చుంది. చిరిగిన వలలోంచి సిద్దక్క చెయ్యి లోపలికి వచ్చింది. నల్లగా, ఎండిన బెండకాయలా ఉన్న చెయ్యి. మొదట అది కూతురి తల మీద ఊరికే ఆగింది. తర్వాత వేళ్ళు చిక్కులు వెతకడం మొదలుపెట్టాయి. చూపు ఆనని ఆమెకు ఈ పనికి కళ్ళతో అవసరం లేదు.

"ఇంక ఈడికి రావద్దు మా," అంది మహాదేవి గోడవైపు చూస్తూ. "నన్ను బళ్ళారికి తీసుకుపోతాండారు."

చెయ్యి ఆగింది. మళ్ళీ కదిలింది.

"ఎన్నాళ్ళకు?"

"తెలీదు."

"బళ్ళారికి ఎట్ల రావల్లే నేను? మూడు బస్సులు మారల్ల. బోర్డు కనపడదు."

"ఆడ కిటికీ ఉండదంట. అద్దం ఉంటాదంట. ఇటుపక్క నేను, అటుపక్క నువ్వు. ఫోన్లో మాట్లాడల్లంట."

"ఫోన్లో తల ఎట్ల దువ్వుతారే?"

మహాదేవి నవ్వింది. నవ్వు మధ్యలో భుజాలు కదిలాయి. రూతమ్మ వంగి ఆమె ఒళ్ళోని ఎర్ర దువ్వెన తీసి సిద్దక్క వేళ్ళకు అందించింది.

"మంగళవారం నువ్వు మామూలుగా ఈ గేటు కాడికే రా సిద్దక్కా," అంది రూతమ్మ. "బోర్డులు నేను చదువుతా. నిన్ను బళ్ళారికి నేను పిలుచుకోని పోతా. నాకింక డ్యూటీ లేదు కదా, సుమ్నే, ఊరికే కూర్చోని ఏం చేయల్ల?"

"నిజంగానా అక్కా?"

"నిజంగానే."

సిద్దక్క తెచ్చిన కొబ్బరినూనె వాసన వార్డంతా నిండింది. ఆమె జుట్టును చిరుగులోంచి అవతలికి తీసుకుని, పాయలు తీసి, గట్టిగా లాగి, చివరిదాకా జడ వేసింది. తొందరపడలేదు. పది నిమిషాలు అయ్యాయి, ఇరవై అయ్యాయి. ప్రకాశ్ ఒకసారి లేచి వచ్చి కిటికీ వైపు చూశాడు. వల వైపు, చేతి వైపు, జడ వైపు చూసి, "ఈ వల ఎన్నాళ్ళ నుంచి ఇట్లుండాది గాదిలింగప్పా?" అన్నాడు.

"ఫండు లేదప్పా."

"ఫండు రానీయగాకు," అని మళ్ళీ పోయి మెట్టు మీద కూర్చున్నాడు.

జడ చివర నల్లదారం ముడి వేశాక, సిద్దక్క చేతికి మిగిలిన నూనెను తన తలకే రాసుకుంది. ఆమె తిరిగి ఇచ్చిన దువ్వెనను మహాదేవి మళ్ళీ వలలోంచి బయటికి నెట్టింది. "నీ దగ్గరే పెట్టుకో మా. ఆడ దీంతో పనిలేదు." రొట్టెల మూట మాత్రం ఆ చిరుగులో పట్టలేదు. రూతమ్మ బయటి నుంచి తెచ్చి ఇచ్చింది.

మూడున్నర దాటింది. గేటు దగ్గర మహాదేవి ఆగి, "ఏమనల్ల పెద్దమ్మా? విడుదల కాదు కదా," అని అడిగింది.

"ఏమీ అనొద్దు. ఎక్కు."

రూతమ్మ వెనక్కి వచ్చి వార్డు తలుపు వేస్తుంటే గాదిలింగప్ప, "నీ సామాను కూడా తీసుకుపోరాదా అక్కా. రేపటి నుంచి పనిలేదు. అట్లే లోయిస్ ఇంట్లో నాలుగు రోజులుండు," అన్నాడు.

"చీర ఆరలేదప్పా. రాత్రి ఎనిమిదిన్నరకంతా వచ్చేస్తా. వార్డు ఊడ్చి, తాళంచెవి నీ చేతికిచ్చి సంతకం పెట్టి పోతా. ఇరవై ఏడేండ్ల పని సగంలో వదిలిపోతారా ఎవరన్నా?" తాళం వేసి, ఒకసారి లాగి చూసి, మళ్ళీ ఒకసారి లాగి చూసి, చెవిని రొంటిన దోపుకుంది. "పోయొస్తా గాదిలింగప్పా."

జీపు కదిలాక సిద్దక్క గేటు దగ్గరే నిలబడి, చప్పుడు ఎటు పోతే అటు మొహం తిప్పింది.

దారిపొడవునా కాలవ కింద కోసిన మళ్ళు, వడ్లు ఆరబోసిన రోడ్డు. బండి నెమ్మదిగా పోవాల్సి వచ్చింది. రెండుచోట్ల ఎలక్షన్ చెకింగులో ఆపారు. రూతమ్మ కుడిచేత్తో మహాదేవి మోచెయ్యి పట్టుకుని, ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బళ్ళారి పెద్ద జైలు గేటు చేరేసరికి ఆరు దాటింది. లోపల లెక్క జరుగుతోంది. గంటసేపు బయటే నిలబడ్డారు. కూర్చోమని ప్రకాశ్ రెండుసార్లు అన్నాడు. ఖైదీ నిలబడి ఉంటే తను కూర్చోవడం రూతమ్మకు అలవాటు లేదు.

గేటు తెరిచాక ఖాకీ చీరల్లో ఆడ వార్డర్లు వచ్చారు. ఒకరు కాదు, నలుగురు. రూతమ్మ వాళ్ళను ఒక్కొక్కరినే చూసింది. వాళ్ళలో పెద్దదానిలా కనబడిన ఆమెకు కాగితాలిచ్చి, "ఈ పిల్లకు చీకట్లో భయం. లైటు ఆర్పితే నిద్రపోదు. పక్కన ఎవరన్నా ఉంటే చాలు," అని చెప్పింది. డాక్టరు కాగితాన్ని ఎవరూ అడగలేదు.

మహాదేవి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఇంత సల్లగా ఉండాదేంది పెద్దమ్మా చెయ్యి?"

"జీపు గాలికి."

"మంగళవారం మాయమ్మను పిలుచుకోని వస్తావు కదా?"

"వస్తా. పో."

మహాదేవి లోపలికి పోయింది. గేటు మూసుకునే ముందు నున్నగా దువ్విన తల ఒకసారి కనిపించింది. నాలుగు పాయల జడ, చివర నల్లదారం.

ప్రకాశ్ రూతమ్మను బస్టాండులో దించాడు. ఆమె హరిగల్లు బస్సు నిలిచే చోట సిమెంటు బల్ల మీద కూర్చుంది. ఏడున్నర బస్సు వచ్చింది. కండక్టరు ఊరి పేరు మూడుసార్లు అరిచాడు. బల్ల మీద ఆమె కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోతోంది కాబోలు అనుకుని ఈల వేశాడు.

ఆసుపత్రి వాళ్ళు లోయిస్‌కు ఇచ్చిన పొట్లంలో ఒక ఆధార్ కార్డు, కళ్ళద్దాలు, ఖైదీని ఒప్పగించినట్టు రసీదు, ఒక పెద్ద ఇనుప తాళంచెవి ఉన్నాయి. రూతమ్మ ఇంటి తాళానికి అది పట్టలేదు. అది దేనిదో లోయిస్‌కు తెలియదు.

తర్వాతి మంగళవారం సిద్దక్క వచ్చి గేటు దగ్గర కూర్చుంది. రూతమ్మ ఇక లేదని గాదిలింగప్ప చెప్పాడు. ఆమె సాయంత్రం దాకా అక్కడే ఉండి పోయింది.

లేడీస్ వార్డు ఇప్పటికీ మూసే ఉంది. తాళంచెవి రూతమ్మతోనే పోయిందనుకుని, తాళం పగలగొట్టి కొత్తది వేయడానికి అనుమతి, ఖర్చు మంజూరు చేయమని గాదిలింగప్ప రిటైరయ్యే ముందు ఒక కాగితం రాశాడు. జవాబు రాలేదు. లోపల ఖైదీలెవరూ లేరు కాబట్టి తొందరా లేదు. కిటికీ వల చిరుగులోంచి చూస్తే దండెం మీద బిర్రబిగిసిన తెల్ల చీర, దాని వెనక గోడ మేకుకు జీన్స్ గుడ్డముక్కల నీలం సంచి కనిపిస్తాయి. అది రూతమ్మ సంచి. రెండు వేల ఇరవై నాలుగు ఏప్రిల్ ఇరవై మూడు, మంగళవారం మధ్యాహ్నం గేటు దాటిన రూతమ్మ, దాని కోసం తిరిగి రాలేదు.